రోజుకు 30 పదాల బట్టీ ఆపి, మెస్ కూర గురించి మాట్లాడు

ప్రశ్న: సర్, మాది పరకాల దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హన్మకొండలో హాస్టల్లో ఉండి బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. రోజుకు 30 ఇంగ్లిష్ పదాలు, 5 ఇడియమ్స్ నోట్‌బుక్‌లో రాసుకుని బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి సగం గుర్తుండవు. గుర్తున్నవి కూడా అవసరానికి నోట్లోంచి రావు. మొన్న మాక్ ఇంటర్వ్యూలో 'టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్' అంటే రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాను. ఫీజు కడతాను, స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌లో చేరమని నాన్న అంటున్నారు. చేరమంటారా?

జవాబు: కోచింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పు బిడ్డా, ఇవాళ మీ మెస్‌లో ఏం కూర? బాగుందా? లేకపోతే ఏం తక్కువైంది? తెలుగులో అడిగితే ఐదు నిమిషాలు ఆగకుండా చెప్తావు. మెస్ కూర మీద కంప్లైంట్ లేని హాస్టల్ పిల్లను నేనింతవరకు చూడలేదు. అదే విషయం నీ రూమ్మేట్‌తో ఇంగ్లిష్‌లో మాట్లాడటం మొదలుపెట్టు.

ఇంటర్వ్యూలో నువ్వు ఆగిపోవడానికి కారణం పదాలు లేకపోవడం కాదు. అక్కడ ఒకేసారి రెండు పనులు పడ్డాయి: ఏం చెప్పాలో వెతుక్కోవాలి, ఎలా చెప్పాలో వెతుక్కోవాలి. తిండి విషయంలో మొదటి పని ఎప్పుడో అయిపోయింది. ఇక వెతుక్కోవాల్సింది మాటలే.

మొదలుపెట్టగానే చిక్కులొస్తాయి. రానీ, నేర్చుకునేది అక్కడే. 'కూరలో ఉప్పు తక్కువైంది' అనడానికి మన పిల్లలు 'సాల్ట్ బికేమ్ లెస్' అంటారు. 'ఇట్ నీడ్స్ ఎ లిటిల్ సాల్ట్' అంటే సరిపోతుంది. 'నాకు వంకాయ పడదు' అన్నదాన్ని మాటకు మాట మారిస్తే వంకాయ కిందపడుతుంది తప్ప అర్థం రాదు. 'బ్రింజాల్ డజంట్ అగ్రీ విత్ మి' అనాలి. ఆ బ్రింజాల్ కూడా మన దేశంలో చెల్లే మాటే. అమెరికా క్లయింట్‌కు అది ఎగ్‌ప్లాంట్, ఇంగ్లండ్ వాళ్లకు ఓబర్జీన్. కర్రీ పాయింట్‌లో 'పార్సిల్' అంటాం కదా, దాన్ని అక్కడ టేక్‌అవే అంటారు, అమెరికాలో 'టు గో' అంటారు. 'అన్నం తిన్నావా' అని మనం పలకరింపుగా అడుగుతాం. ఇంగ్లిష్‌లో 'డిడ్ యు ఈట్ రైస్' అంటే రైసే తిన్నావా, ఇంకేమైనా తిన్నావా అని అడిగినట్టుంటుంది. 'హ్యావ్ యు హ్యాడ్ లంచ్' అను.

హాట్ అనే మాటతో ఇంకా జాగ్రత్త. వేడికీ అదే, కారానికీ అదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో విదేశం నుంచి వచ్చిన అతిథి ఒకాయన మిర్చి బజ్జీ చూపించి 'ఈజ్ ఇట్ హాట్?' అన్నాడు. అప్పటికే చల్లారిపోయాయి కదా అని 'నో సర్, నాట్ ఎట్ ఆల్' అన్నాను. తర్వాత ఆయన కళ్లు, ముక్కు ఒకేసారి కారాయి. స్పైసీ అనే మాట ఆ రోజు నుంచి నేను మర్చిపోలేదు. ఏ నోట్‌బుక్ అయినా అంత గట్టిగా నేర్పుతుందా?

మన వరంగల్ చపాటా మిర్చినే తీసుకో. ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అని చెప్పే జీఐ గుర్తింపు 2025లో వచ్చింది. టమాటా మిర్చి అని కూడా అంటారు. చూస్తే ఎర్రగా మండిపోయేట్టుంటుంది, ఘాటు మాత్రం తక్కువ. 'ఇట్స్ బ్రైట్ రెడ్, బట్ క్వైట్ మైల్డ్' అని ఒక్కసారి పైకి అని చూడు. ఆ మైల్డ్ రేపు మైల్డ్ ఫీవర్‌లో కనిపించినా నీకు కొత్త మాట కాదు.

మాటలు కొంచెం ఆడటం మొదలయ్యాక సర్వపిండి ఎలా చేస్తారో చెప్పు. నేను నా దగ్గరికొచ్చే ప్రతి బ్యాచ్‌తోనూ ఇదే చేయిస్తాను. శనగపప్పు నానబెట్టాలి: సోక్. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం వేసి కలపాలి: మిక్స్. గిన్నె లోపల అద్దాలి: ప్రెస్. వేలితో చిల్లులు పెట్టి నూనె పోయాలి. ఎందుకు చిల్లులు? నూనె లోపలిదాకా దిగడానికి. 'సో దట్' వాడకం అక్కడ వచ్చేసింది. సన్న మంట మీద కరకరలాడేదాకా ఉంచాలి. 'అంటిల్' వచ్చేసింది. ఫస్ట్, దెన్, వన్స్, అంటిల్, సో దట్. ఈ ఐదు మాటలు పట్టుబడితే, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీలో పర్చేజ్ ఎంట్రీ ఎలా వేస్తావని ఇంటర్వ్యూలో అడిగినా అదే వరసలో చెప్పగలవు: ముందు లెడ్జర్, తర్వాత వోచర్, జీఎస్టీ లెక్క కుదిరేదాకా సరిచూడటం. గిన్నె బదులు కంప్యూటర్, అంతే.

చెప్పేటప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసుకో. ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాలు మాట్లాడు. విదేశాల్లో చదువుకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఉంది కదా, దాని స్పీకింగ్ పరీక్ష రెండో భాగంలోనూ దాదాపు ఇదే పద్ధతి. రేపు పై చదువులకు వెళ్లాలనిపిస్తే ఈ అలవాటు అక్కడా పనికొస్తుంది.

ఇడియమ్స్ గురించి నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. రోజుకు ఐదు వద్దు. వింటే అర్థమైతే చాలు, నువ్వు వాడాల్సినవి చాలా తక్కువ. ఆఫీసులో మేనేజర్ 'ఐ హ్యావ్ ఎ లాట్ ఆన్ మై ప్లేట్' అంటే ఆయన భోంచేస్తున్నట్టు కాదు, చేతినిండా పని ఉందని. 'పుట్ ఇట్ ఆన్ ద బ్యాక్ బర్నర్' అంటే ఆ పని ప్రస్తుతానికి పక్కన పెట్టమని. వెనక పొయ్యి మీదికి జరిపిన గిన్నెను ఊహించుకుంటే మర్చిపోవు. మనం పుండు మీద కారం చల్లుతాం, వాళ్లు గాయానికి ఉప్పు రుద్దుతారు. ఇలా మన సామెత పక్కన పెట్టుకుని చూస్తే గుర్తుంటాయి. అన్నీ కుదరవు. 'డోంట్ ఈట్ మై హెడ్' అంటే మన దేశం దాటాక ఎవరికీ తెలియదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారని మాస్టారిని మనం మెచ్చుకుంటాం. దాన్ని స్పూన్ ఫీడింగ్ అన్నావో, ఆయన్ని తిట్టినట్టే.

ఇక కోచింగ్. డబ్బు కట్టేముందు ఒక డెమో క్లాస్‌లో కూర్చో. గంటలో నువ్వు నోరు విప్పి మాట్లాడింది ఎన్ని నిమిషాలో గడియారం చూసి లెక్కపెట్టు. పది నిమిషాలు దాటితే చేరు. సార్ బోర్డు మీద రాస్తుంటే నువ్వు నోట్‌బుక్‌లో ఎక్కించుకోవడంతోనే గంట గడిచిపోతే, ఆ పని నువ్వు హాస్టల్లో ఇప్పటికే ఫీజు లేకుండా చేస్తున్నావని నాన్నకు చెప్పు.