అమ్మాయి క్రిమినాలజీ అంటోంది, నాన్న మాట్లాడటం మానేశారు

ప్రశ్న: మాది గాజువాక. మావారు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. సైకాలజీ, క్రిమినాలజీ కలిసి ఉండే డిగ్రీ చదువుతానంటోంది. ఇంగ్లండ్‌లో అలాంటి కోర్సు ఉందని ఓ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారట. మావారేమో ‘దొంగలు, హంతకుల చుట్టూ తిరిగే చదువు ఆడపిల్లకెందుకు? నర్సింగ్‌లో చేరు. అంత ఇష్టమైతే సైకాలజీ తర్వాత దూరవిద్యలో చదువుకో’ అంటున్నారు. పది రోజులుగా తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. మధ్యలో నేను నలిగిపోతున్నాను.
- ఓ తల్లి, విశాఖపట్నం

సలహా: ముందు దూరవిద్య సంగతి తేల్చేద్దాం. సైకాలజీ కోర్సుల్లో దూరవిద్య ద్వారాగానీ ఆన్‌లైన్‌లోగానీ కొత్తగా ఎవరినీ చేర్చుకోకుండా 2025 జులై-ఆగస్టు విడత నుంచి యూజీసీ ఆపేసింది. చదివితే కాలేజీకి వెళ్లే చదవాలి. మీవారికి ఈ మాట మీరే చెప్పండి. అమ్మాయి నోట వస్తే ఎదురు చెప్పినట్టు ఉంటుంది.

ఇక అమ్మాయిని కూర్చోబెట్టి ఒక్కటి అడగండి. నేరం జరిగిన చోట దొరికే రక్తపు మరక, వేలిముద్ర మీద ఆసక్తా? ఆ మనిషి అలా ఎందుకు తయారయ్యాడన్న దాని మీదా? మొదటిదైతే అది ఫోరెన్సిక్ సైన్స్, ల్యాబ్ పని. బైపీసీ వాళ్లకు అందులో బీఎస్సీ ఉంది. రెండోదైతే సైకాలజీ. క్రిమినాలజీ ఈ రెండూ కాదు. ఓ పేటలో నేరాలు ఎందుకు పెరుగుతాయి, శిక్ష అనుభవించి వచ్చినవాడు మళ్లీ జైలుకే ఎందుకు వెళ్తాడు అని చూసే చదువు. సోషియాలజీకి దగ్గరి చుట్టం. వెబ్ సిరీస్‌ల్లో ఈ మూడు పనులూ ఒకే హీరోయిన్ చేసేస్తుంది, మధ్యలో మత్తుమందిచ్చి నిజం రాబట్టే నార్కో పరీక్ష కూడా పెట్టించేస్తుంది. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి నచ్చింది ఆ హీరోయినే, సబ్జెక్టు కాదు. మీ అమ్మాయి సంగతేమిటో మీరే కనిపెట్టాలి.

నిజంగా మనిషి మనసే ఆమెకు కావాలంటే డిగ్రీలో సైకాలజీనే మెయిన్‌గా తీసుకోమనండి. క్రిమినాలజీ పీజీలో చేయొచ్చు. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఫోరెన్సిక్ సైకాలజీ ఎమ్మెస్సీ ఉంది. మద్రాసు యూనివర్సిటీలో క్రిమినాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది. ఊళ్లోనే ఉండి చదవాలంటే ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ పీజీ ఉంది. రెండూ కలిపిన డిగ్రీలో సైకాలజీ పేపర్లు తగ్గే ప్రమాదం ఉంది. రేపు క్లినికల్ సైకాలజిస్ట్ కావాలనుకుంటే ఆ వృత్తికి అనుమతిచ్చే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, అక్కడ ఆ లోటు తెలుస్తుంది. ఇంగ్లండ్ కోర్సు అయినా అంతే. దానికి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందా అని కన్సల్టెన్సీ వాళ్లను రాతపూర్వకంగా అడగండి. వాళ్లకు వచ్చేది కమీషన్, మీకు మిగిలేది లోను. ఈ డిగ్రీ కోసం స్థలం తాకట్టు పెట్టొద్దు.

మీవారి భయాన్ని తీసిపారేయకండి. కాకపోతే ఆయన ఊహించుకున్న ఉద్యోగం వేరు, ఉన్న ఉద్యోగం వేరు. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లాడు ఘోరమైన నేరంలో దొరికితే, వాడి మానసిక స్థితి ఏమిటి, చేసిన పని ఫలితం వాడికి తెలుసా అని పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా అంచనా వేయాలి. బోర్డులో పిల్లల సైకాలజీ చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. జైళ్లలో, డీ-అడిక్షన్ సెంటర్లలో కౌన్సెలింగ్ ఉంటుంది. గంజాయి కేసుల్లో ఇరుక్కుంటున్న కుర్రాళ్ల గురించి విశాఖలో ఉంటున్న మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా నర్సింగ్‌లో చేరితే మాత్రం? మన కేజీహెచ్ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి పోలీసు కేసులు రావా?

ఒక్కటి మాత్రం అమ్మాయికి దాచకుండా చెప్పండి. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ. డిగ్రీతో ఆగిపోతే దాదాపు ఏమీ రాదు, పీజీ దాకా ఐదేళ్లు ఓపిక పట్టాలి. మొదట్లో జీతమూ అంతంతమాత్రమే. ఇది విన్నాక కూడా ఆమె అదే మాట మీద ఉంటే, అది మోజు కాదని మీవారు కూడా ఒప్పుకుంటారు.

ఈ వారం ఆయన వీక్లీ ఆఫ్ రోజున ముగ్గురూ కలిసి ఏయూ సైకాలజీ విభాగానికి వెళ్లండి. అక్కడ చదివినవాళ్లు ఇప్పుడు ఏం పని చేస్తున్నారో ఆయన్నే అడగనివ్వండి. అడ్మిషన్ కోసం కాదు, ఊరికే చూసి వద్దామని ముందే చెప్పండి, లేకపోతే ఆయన బయల్దేరరు.