గ్రూపులో చెప్పారని ఫిట్స్ మాత్రలు ఆపేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 26. ఐదేళ్లుగా మూర్ఛకు మాత్రలు వాడుతున్నాను. రెండేళ్లుగా ఫిట్స్ రాలేదు. బంధువుల కంట పడకుండా అమ్మ ఆ మాత్రలను పప్పుల డబ్బా వెనక దాస్తుంది. ఈమధ్య మూర్ఛ ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరాక మనసు తేలికపడింది. కానీ అందులో ఒకాయన మాత్రలు ఆపి మూలికల పొడి వాడితే పూర్తిగా నయమైందంటున్నారు. నాకు సంబంధాలు చూస్తున్నారు. మాత్రలు ఆపవచ్చా? పెళ్లివారికి చెప్పాలా?
– ఒక సోదరి, వరంగల్

జవాబు: మాత్రలు ఆపకండి. ముందు ఆ మాట చెప్పాకే మిగతావి. ఉన్నట్టుండి మానేస్తే ఒక ఫిట్ తగ్గకముందే మరొకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. రెండేళ్లు ఫిట్స్ లేకపోతే మందు తగ్గించే ఆలోచన మేమూ చేస్తాం. అయితే మూర్ఛ ఏ రకమో, మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష ఎలా ఉందో చూసుకుని, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తాం. టీనేజీలో మొదలై, పొద్దున లేవగానే చేతులు అదిరిపడే రకంలో మందు ఆపితే చాలామందికి ఫిట్స్ తిరగబెడతాయి. ఆయనది ఏ రకమో, మీది ఏ రకమో!

ఇక ఆ పొడి. ఇలాంటి కొన్ని పొడులను పరీక్షిస్తే ఫినోబార్బిటాల్ బయటపడిన సందర్భాలున్నాయి. అది మేము ఎప్పటి నుంచో రాస్తున్న మూర్ఛ మందే. మాత్ర మానేశామనుకుంటూ, మోతాదు తెలియని మాత్రనే మింగడమన్నమాట.

అలాగని గ్రూపు వదిలేయమనను. ఆఫీసులో ఫిట్ వచ్చిన మర్నాడు ఏ ముఖంతో వెళ్లాలో, హాస్టల్లో పక్క మంచం అమ్మాయికి ఎలా చెప్పాలో నాకు తెలియదు, వాళ్లకు తెలుసు. మీరూ వాళ్లకు ఒకటి చెప్పండి: ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీ రిపోర్టులు మాత్రం పేరుతో సహా అక్కడ పెట్టకండి.

పెళ్లివారికి చెప్పండి, అదీ ముహూర్తం పెట్టుకోకముందే. పదేపదే వచ్చే మూర్ఛను వివాహానికి అనర్హతగా చూసిన నిబంధనను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారు. మన పెళ్లిచూపులే ఇంకా తొలగించలేదు. దాచి పెళ్లి చేస్తే ఏమవుతుందో మా ఓపీలో చూస్తుంటాం. పెళ్లి హడావిడిలో నిద్ర ఉండదు, అత్తవారింట్లో చాటు దొరక్క రెండు పూటలు మాత్ర తప్పుతుంది, ఏ ఫిట్ వస్తుందని భయపడి దాచారో అదే వస్తుంది.

మీరు వాడేది వాల్‌ప్రోయేట్ అయితే పెళ్లికి ముందే న్యూరాలజిస్టును కలవండి. గర్భంలోని బిడ్డకు వెన్నెముక లోపాలు, ఎదుగుదల సమస్యలు తెచ్చే ప్రమాదం ఆ మందుతో ఎక్కువ. మార్చాల్సి వస్తే ముందు నుంచే మార్చాలి, సొంతంగా కాదు. గర్భం కోసం వాడే విటమిన్ ఫోలిక్ యాసిడ్ గురించీ అప్పుడే అడగండి. వెళ్లేటప్పుడు అమ్మనూ తీసుకెళ్లండి. మీరు చెబితే వినని మాట డాక్టరు చెబితే వినవచ్చు.