గో-లైవ్ తేదీ మళ్లీ మారిందట!

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

జీడిమెట్లలో మీ స్టోర్స్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చే తేదీ మళ్లీ జరిగిందనీ, అందరూ నీ మీద గుర్రుగా ఉన్నారనీ రాశావు. వాళ్లను నవ్వించడానికి ఏదైనా ప్రోగ్రాం పెట్టమంటావా అని అడిగావు. పెట్టకు. మైకు పట్టుకుని జోకులు చెప్పే మనిషిని పిలిచి సమోసాలు పంచితే, సమోసాలు అయిపోతాయి, టెన్షన్ అలాగే ఉంటుంది. నవ్వు వాళ్ల పనిలోంచే పుట్టాలి, మళ్లీ ఆ పనికే అక్కరకు రావాలి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు నేను బాలానగర్‌లో అకౌంట్స్ సెక్షన్ చూస్తున్నాను. రిటర్నుల గడువు పొడిగిస్తూనే పోయారు. జీఎస్టీఆర్-2, 3 అనే రిటర్ను ఫారాలనైతే నవంబరులో పక్కనే పెట్టేశారు. మా సెక్షన్ కుర్రాడొకడు విసుగెత్తి గోడకి చార్టు అంటించాడు: "ఈసారి గడువు ఏ తారీఖుకి జరుగును?" సరిగ్గా చెప్పినవాళ్లకి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. నేను దాన్ని తీయించలేదు. పక్కన ఇంకో గడి గీయించాను: "అలా జరిగితే మనం ఏం చేద్దాం?" అక్కడితో పందెం కాస్తా ప్లాను అయింది. గడువు జరగకపోతే ముందు ఏ బిల్లులు సరిచూడాలి, జరిగితే ఆ వారం ఏ పాత లెక్క తేల్చుకోవాలి, అన్నీ ఆ గళ్లలోనే తేలాయి. నువ్వూ ఒక చార్టు పెట్టు. మేనేజర్లు కూడా తమ ఊహ రాయాలి. తప్పితే చాయ్ డబ్బులు వాళ్లవే.

గ్యారీ క్లీన్ అనే అమెరికా సైకాలజిస్టు 2007లో ప్రీమార్టమ్ అనే పద్ధతి గురించి రాశాడు. ప్రాజెక్టు మునిగిపోయిందనే అనుకుని, ఎందుకు మునిగిందో ముందే అందరిచేతా రాయించడం. మంచి పద్ధతే. కానీ పైవాళ్ల ముందు "ఇది మునుగుతుంది సార్" అని ఎవడంటాడు? అందుకే పిట్టల దొర వేషం కట్టించు. కట్టె తుపాకీ భుజాన వేసుకుని కోతలు కోసే పిట్టల దొర మనవాళ్లలో తెలియనిదెవరికి? వారానికొకరు లేచి కోయాలి. "లారీ గేటు దగ్గరే ఉండిపోయింది, డ్రైవర్ పెళ్లి కూడా అక్కడే అయింది, సిస్టంలో మాత్రం సరుకింకా రాలేదు" అంటాడొకడు. అందరూ నవ్వుతారు. నువ్వు మాత్రం పెన్ను తీసి రాసుకో: గేటు దగ్గర ఎంట్రీ ఎవరు చేయాలో ఎవరూ తేల్చలేదన్నమాట.

ట్రైనింగ్ కాగితాలు కన్సల్టెంట్లతో రాయించకు. స్టోర్స్ వాళ్లకే వదిలెయ్. "సేవ్ నొక్కకుండా చాయ్‌కి పోతే మాల్ గాయబ్" అని వాళ్లు రాసే ఒక్క పోస్టరు మీ ముప్పై స్లైడ్ల కన్నా నయం.

మీ కన్సల్టెంటు కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు పేరు చెప్పి, పాత అలవాట్లను కరిగించు, మార్చు, మళ్లీ గడ్డకట్టించు అన్నాడట. మే నెలలో కరెంటు పోయిన ఫ్రిజ్‌లో ఐస్ పెట్టినట్టుంది మీ వ్యవహారం. గడ్డకట్టే దాకా ఆగకుండా, మారుతుండగానే పని నడిపించే దారి చూసుకో.

ఇంకొకటి. ఒక్క వేలితో టైపు చేసే ఆ పెద్దాయన మీద ఎవరూ జోకు వేయకుండా చూడు. ఏ బోల్టు ఏ ర్యాకులో ఉందో ఆయనకే తెలుసు. సాఫ్ట్‌వేర్ మీద, సర్క్యులర్ల మీద, నీ మీద ఎంతైనా నవ్వుకోనీ. ఉద్యోగాలు పోతాయన్న మాట వినబడితే మాత్రం నవ్వులాట ఆపి, నీకు తెలిసింది తెలిసినట్టు చెప్పు. తెలియకపోతే తెలియదనే చెప్పు.

స్టోర్స్ వాళ్ల ట్రైనింగ్ ఏ టైములో పెట్టారో రాయలేదు. నైట్ షిఫ్టు దిగాక పెట్టి ఉంటే, చార్టూ వద్దు, పిట్టల దొరా వద్దు. సోమవారం పొద్దున్నే వెళ్లి ముందు ఆ టైము మార్పించు.

మీ అత్తయ్య