హ్యాకర్ తలలోని ఇంప్లాంట్: ఆటబల్ల దగ్గరి చిక్కులు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలోని మా మేడగదిలో ప్రతి ఆదివారం మేము ఐదుగురం రోల్‌ప్లేయింగ్ గేమ్ (తలొక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆడుతున్నాము. కథ 2080 నాటి విజయవాడలో నడుస్తుంది, కథ నడిపించే గేమ్ మాస్టర్‌ను నేనే. హ్యాకర్ పాత్ర తీసుకున్న మా మిత్రుడు, మెదడులో ఇంప్లాంట్ (లోపల అమర్చిన యంత్రం) ఉంది కాబట్టి ఇంట్లో పడుకుని ఉండగానే ఏ కంపెనీ సర్వర్‌లోకైనా చొరబడతానంటున్నాడు. అతను పాచికలు వేసే ముప్పావుగంటా మిగిలిన ముగ్గురూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఇంప్లాంట్‌నే ఆటలోంచి తీసేయమంటారా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తీసేయవద్దు. అది లేకపోతే మీ మిత్రుడి పాత్ర ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మామూలు ఉద్యోగిలా మిగులుతుంది. ఆ ఇంప్లాంట్‌ను మోస్తున్న మనిషి ఇంట్లో పడుకుని ఉండటం వల్లే మీకీ తంటా వచ్చింది. అతన్ని తక్కినవారితో పాటు ప్రమాదం ఉన్న గదిలోకి రప్పించండి.

ఇది మీ ఒక్క బల్లకే వచ్చిన ఇబ్బంది కాదు. మైక్ పాండ్‌స్మిత్ రూపొందించగా 1988లో వచ్చిన ‘సైబర్‌పంక్’ ఆటను ఆడినవారు కూడా హ్యాకర్ ఒక దారి, మిగతా జట్టు ఒక దారి అయిపోతున్నదని చాలాకాలం వాపోయారు. 2020లో వచ్చిన ‘సైబర్‌పంక్ రెడ్’ దీనికి చక్కటి మందు కనిపెట్టింది. పాత నెట్ కుప్పకూలిందని కథలోనే చెప్పి, నెట్‌రన్నర్ (ఆ ఆటలో హ్యాకర్ పేరు) భవనంలోని యాక్సెస్ పాయింట్‌కు, అంటే నెట్‌వర్క్‌లోకి దారి ఇచ్చే చోటుకు, 6 మీటర్ల లోపు ఉంటేనే లోపలికి చొరబడగలడని నియమం పెట్టింది. తుపాకీ పట్టినవాడి వంతు, తలుపు కాసేవాడి వంతు, హ్యాకర్ వంతు ఒకే రౌండులో వస్తాయి కాబట్టి ఎవరూ ఫోను పట్టుకోనక్కర్లేదు. ఈ ఒక్క నియమాన్ని వచ్చే ఆదివారం నుంచే అమలుచేయండి.

ఇక ఇంప్లాంట్‌కు చెల్లించే మూల్యం సంగతి. ‘సైబర్‌పంక్ రెడ్’లో నాడులను యంత్రాలతో కలిపే న్యూరల్ లింక్ పెట్టించుకున్నా, దాని మీద ఇంటర్‌ఫేస్ ప్లగ్గులు బిగించుకున్నా ప్రతిసారీ కొన్ని ‘హ్యుమానిటీ’ (మనిషితనం) పాయింట్లు పోతాయి. 1989 నాటి ‘షాడోరన్’ అనే మరో ఆటలో ప్రతి పాత్రకూ 6 పాయింట్ల ‘ఎసెన్స్’ (జీవసారం) ఉండి, శరీరంలో పెట్టించుకున్న ప్రతి యంత్రానికీ అది తరుగుతుంది. ఈ పద్ధతి నాకు పూర్తిగా నచ్చదు. వినికిడి కోసం చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పిల్లలను చూసినవారెవరూ యంత్రం పెడితే మనిషితనం తగ్గుతుందని ఒప్పుకోరు. మూల్యాన్ని శరీరం మీదే వేయడం న్యాయమని నా అభిప్రాయం, అందుకు కావలసిన సరుకు నిజమైన వైద్యశాస్త్రంలోనే ఉంది.

వెన్నుపాము దెబ్బతిని కాళ్ళూ చేతులూ పడిపోయిన మాథ్యూ నేగిల్‌కు 2004లో అమెరికాలో మెదడులో 96 ఎలక్ట్రోడ్ల (విద్యుత్ సంకేతాలు పట్టే సన్నని మొనల) చిప్ అమర్చినప్పుడు, ఆయన ఆలోచనతోనే తెర మీద కర్సర్‌ను కదిలించారు. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వెల్లడించిన ప్రయోగంలో, పక్షవాతంతో ఉన్న ఒక వ్యక్తి చేత్తో రాస్తున్నట్టు ఊహించుకుంటూ నిమిషానికి 90 అక్షరాలు రాయగలిగారు. 2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ 1,024 ఎలక్ట్రోడ్లున్న పరికరాన్ని తొలిసారి ఒక మనిషికి అమర్చగా, కొన్ని వారాలకే ఎలక్ట్రోడ్లను మోస్తూ మెదడులోకి దించిన సన్నని దారాలలో కొన్ని వెనక్కి జారిపోయాయి. ఏ దారమూ జారకపోయినా, మెదడు తనలో గుచ్చుకున్న వస్తువు చుట్టూ మచ్చలాంటి కణజాలాన్ని పెంచుకుంటుంది కాబట్టి, కాలం గడిచేకొద్దీ సంకేతం మసకబారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మీ ఆటలో ప్రతి మూడు సెషన్లకూ హ్యాకర్ పాచికల మొత్తంలోంచి ఒకటి తగ్గించండి. సరిచేయించుకోవాలంటే ఆటోనగర్‌కు వెళ్ళవలసిందే. లారీ బాడీలు కట్టిన షెడ్ల మధ్య, వెల్డింగ్ మెరుపుల వెనక, తలలోని దారాలు సర్దే మేస్త్రీ ఒకాయన ఉన్నాడని పెడితే విజయవాడ ఎరిగిన ఏ ఆటగాడూ కాదనడు.

రెండోది వేడి. మెదడులో పెట్టే పరికరం చుట్టూ ఉన్న కణజాలం ఒకటి రెండు డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఇంజనీర్లు ఎంతో జాగ్రత్తపడతారు. మే నెలలో బెంజి సర్కిల్ ఎండలో నిలబడి హ్యాకింగ్ చేసేవాడికి నాలుగో రౌండుకల్లా చెవి వెనక చర్మం కాలడం మొదలవ్వాలి. అదే కథను గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీకి తీసుకువెళ్ళండి. పేర్చిన టిక్కీల (మిర్చి బస్తాల) వెనక ఒక కంపెనీ తన సర్వర్లు దాచింది. ఆ చలికి ఇంప్లాంట్ హాయిగా పనిచేస్తుంది కాబట్టి హ్యాకర్‌కు రౌండుకు ఒక వంతు అదనంగా ఇవ్వండి. కానీ అతను రెండు టిక్కీల సందులో గొంతుకూర్చుని, మూతికి తువ్వాలు కట్టుకున్నా మిర్చి ఘాటు గొంతు పట్టుకుంటుంది. దగ్గితే కాపలావాడు వింటాడు. ఆ దగ్గును ఆపడానికి వేసే పాచికను మీ బల్ల దగ్గర నలుగురూ ఊపిరి బిగబట్టి చూస్తారు.

ప్రశ్న: ఎదుటి హ్యాకర్ మా హ్యాకర్ మెదడునే కాల్చేయవచ్చా?
— మరొక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అది ఇంప్లాంట్ రకాన్ని బట్టి ఉంటుంది. కేవలం మెదడు సంకేతాలను వినే పరికరం ద్వారా మెదడులోకి దెబ్బ పంపడానికి దారి లేదు. పార్కిన్సన్ వ్యాధికి వాడే ఉద్దీపక పరికరాల వంటివి మాత్రం మెదడులోకి కరెంటు పంపుతాయి. 2008లో అమెరికన్ పరిశోధకులు గుండె లయ తప్పితే షాక్ ఇచ్చేందుకు అమర్చే డీఫిబ్రిలేటర్‌ను ప్రయోగశాలలో రేడియో ద్వారా లొంగదీసుకుని, షాక్ ఇచ్చేలా ఆదేశించవచ్చని చూపించారు. కనుక ఆటగాడిని ముందే ఎంచుకోమనండి: వినే ఇంప్లాంట్ అయితే నెమ్మది, కానీ క్షేమం. నెట్‌ను కళ్ళారా చూసి, చేతులారా తాకాలంటే తలుపు రెండువైపులా తెరవాలి, అప్పుడు శత్రువూ అందులోంచే వస్తాడు. ఈ ఎంపికను శస్త్రచికిత్సకు ముందే కాగితం మీద రాయించండి. దెబ్బ తగిలాక మార్చనివ్వకండి.

ప్రశ్న: ఇంప్లాంట్ తయారుచేసిన కంపెనీ మూతపడితే?
— అదే పాఠకురాలు

జవాబు: ఇది నిజంగా జరిగింది. చూపు లేనివారికి కంటిలో అమర్చే ఇంప్లాంట్లు చేసిన ఒక అమెరికన్ సంస్థ 2020లో దివాలా అంచుకు చేరినప్పుడు, వాటిని పెట్టించుకున్న 350 మందికి పైగా మనుషులు మరమ్మతు చేసే దిక్కులేక మిగిలారు. ఆ సంగతి చదివిన నాటి నుంచి నా మనసు కుదుటపడలేదు. మీ కథలో హ్యాకర్ దోచుకోవలసిన మొదటి సొత్తు డబ్బు కాకుండా, మూతపడిన కంపెనీ గోదాములో మిగిలిపోయిన తన ఇంప్లాంట్ విడిభాగాలే అయితే, ఆ రాత్రి జట్టంతా అతని వెంట ఎందుకు వెళుతుందో ఎవరికీ విడమరిచి చెప్పవలసిన పని ఉండదు.