ఉలి పట్టడం నేర్చుకుంటే కాలం వృథానా?

ప్రశ్న: మా అబ్బాయి ఫర్నిచర్ తయారీ కోర్సులో చేరాడు. మొదటి ఆరు నెలలూ ఉలి, రంపం, చేత్తో జాయింట్లు చేయడమేనట. ఇప్పుడంతా మెషీన్లే కదా! అది మాన్పించి సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మెషీన్), త్రీడీ డిజైన్ కోర్సులో వేయమంటారా?

జవాబు: జాయింట్ల మీద అనుమానం కంటే 'మావాడు వడ్రంగిగా మిగిలిపోతాడేమో' అన్న బెంగే మీ ప్రశ్నలో ఎక్కువ కనిపిస్తోంది. బెంగ మీది. దాన్ని వాడి నెత్తిన రుద్దకండి.

మీరన్నదాంట్లో నిజం లేకపోలేదు. 18 మి.మీ. పార్టికల్ బోర్డు అల్మారాకి డవ్‌టెయిల్, అంటే పావురం తోక ఆకారంలో చెక్కే అతుకు, దండగ. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు కాబట్టి కోసిన అంచు రాలిపోతుంది. అక్కడ 8 మి.మీ. డవెల్ (గుండ్రటి చెక్క మేకు), మినీఫిక్స్ (తిప్పి బిగించే లోహపు బిగింపు)లే సరైనవి.

అసలు కలప దగ్గరికొస్తే కథ మారుతుంది. తేమ మారినప్పుడల్లా పలక వెడల్పులో ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. పొడవులో దాదాపు కదలదు. టేబుల్ పైపలకను ఫ్రేముకి స్క్రూలతో కదలకుండా బిగిస్తే, ఆరినప్పుడు పగులుతుంది. స్క్రూ బెజ్జాన్ని పలక వెడల్పు దిశలో పొడుగ్గా తొలిచి కదలడానికి చోటివ్వాలి. స్క్రీన్ మీద గీసిన పలక ఎప్పుడూ పగలదు, అదే చిక్కు.

కుర్చీ చూడండి. మనిషి వెనక్కి వాలినప్పుడల్లా వెనక కాలూ సీటు పక్కపట్టీ కలిసేచోట అతుకును వంచే బలం పడుతుంది. పట్టీ కొసలోకి స్క్రూ దింపితే నారపొడవునా దిగుతుంది, పట్టు చాలక వదులైపోతుంది. అందుకే కుసి (పట్టీ కొసన చెక్కిన నాలుక), అది దిగడానికి కాలులో బెజ్జం. 24 మి.మీ. పట్టీకి కుసి మందం మూడో వంతు, అంటే 8 మి.మీ. బెజ్జం లోతు కుసి పొడవు కంటే 2 మి.మీ. ఎక్కువుండాలి, లేకపోతే కుసి అడుగు తగిలి పైన సందు మిగులుతుంది. చేత్తో గట్టిగా నొక్కితే దిగాలి. సుత్తితో బాదాల్సి వస్తే జిగురు గీసుకుపోతుంది, కాలు చీలినా చీలుతుంది. వదులైతే బరువంతా జిగురు మీదే.

ఇది మెషీనుకీ తెలియదు. సీఎన్‌సీ బిట్ (కోసే పళ్ల కడ్డీ) గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి 6 మి.మీ. బిట్‌తో బెజ్జం తొలిస్తే మూలల్లో 3 మి.మీ. వ్యాసార్ధం వంపు మిగులుతుంది. కుసి అంచులైనా గుండ్రం చేయాలి, మూలలైనా ఉలితో చెక్కాలి. ప్రోగ్రాం రాసేవాడికి ఆ సంగతి ముందే తెలియాలి.

డిజైన్ కోర్సుల మీద నాకున్న గురి తక్కువే. రెడీగా ఉన్న అల్మారాలను లాగి గదిలో పెట్టడం నేర్పి డిజైనర్ అనేస్తారు. మీరు వెళ్లి ఒక్కటే అడగండి: విద్యార్థి తను గీసిన కుర్చీని తనే తయారుచేస్తాడా? లేదంటే చేర్చకండి. సాఫ్ట్‌వేర్ సాయంత్రాలు నేర్చుకోవచ్చు, సీఎన్‌సీ ఈ ఆరు నెలల తర్వాత.

అయితే ఆరు నెలలూ జాయింట్ల నమూనా ముక్కలతోనే సరిపెట్టినా ఒప్పుకోకండి. కనీసం ఒక కుర్చీ, ఒక సొరుగు పూర్తిగా చేయించాలి. అబ్బాయి కుర్చీ తెచ్చినప్పుడు కూర్చుని వెనక్కి వాలి చూడండి, అతుకు సందులో కాగితం దూరుతుందేమో కూడా.