ఇగరబెట్టడం గురించి ఒక లేఖ

అమ్మాయీ,

నీ కథ చేరింది. రెండుసార్లు చదివాను. పత్రికవాళ్ళు సగానికి తగ్గించమన్నారనీ, ఏది తీసెయ్యాలో తెలియక టెన్షన్ పడుతున్నాననీ రాశావు. నా తొలి కథలో ఒక సంపాదకుడు చివరి పేరా కొట్టేస్తే నాకు నెల రోజులు అన్నం సహించలేదు. అందుకే నీ బాధ తెలుసు.

సిడ్నీలో 1880లో ‘బులెటిన్’ అనే వారపత్రిక మొదలైంది. ఆస్ట్రేలియా అప్పటికింకా ఒక్క దేశం కాలేదు, విడివిడి బ్రిటిష్ వలస రాజ్యాలు. గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీలు, పశువుల మందలు తోలేవాళ్ళు ఆ పత్రిక చదివేవారు, రాసి పంపేవారు కూడా. సంపాదకుడు ఆర్చిబాల్డ్ రచయితలకు పదే పదే చెప్పిన మాట: ఇగరబెట్టండి. మన వంటింటి మాటలో అంతే కదా, నీళ్ళు పోవాలి, ముక్క మిగలాలి.

హెన్రీ లాసన్ రాసిన ‘ది డ్రోవర్స్ వైఫ్’ (మందలు తోలేవాడి పెళ్ళాం) కథ 1892 జులైలో అందులోనే వచ్చింది. మొగుడు మందలతో వెళ్ళి నెలలైంది. ఇంటి కిందికి పాము దూరింది. నలుగురు పిల్లల్ని పడుకోబెట్టి, కుక్కను పక్కన పెట్టుకుని ఆమె తెల్లవార్లూ కాపలా కూర్చుంటుంది. కథంతా ఇంతే. మధ్యలో ఒక చిన్న సంగతి ఉంది. ప్రతి ఆదివారం ఆమె ముస్తాబై, పిల్లల్ని తయారుచేసి, పాత పిల్లల బండి తోసుకుంటూ అడవి దారిన షికారు వెళ్తుంది. అక్కడ చూడ్డానికేం లేదు, ఎదురయ్యే మనిషీ లేడు. పాము కథకు ఆ బండితో పనే లేదు. అయినా అది తీసేస్తే ఆ మనిషే పోతుంది. లాసన్ ఆమె ఒంటరితనం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. బండి ఉంచాడు.

అదే ఏడాది లాసన్, బాంజో పాటర్సన్ అనే మరో కవి పల్లె బతుకు గురించి ఆ పత్రికలో పద్యాలతో వాదులాడుకున్నారు. పాటర్సన్‌కు అక్కడ వెలుగు కనిపించింది, లాసన్‌కు దుమ్మూ కరువూ. ఆర్చిబాల్డ్ లాసన్ చేతిలో ఐదు పౌండ్లు, సిడ్నీకి దూరంగా లోపలి ప్రాంతంలో ఉన్న బోర్క్ అనే ఊరికి రైలు టికెట్ పెట్టి పంపించాడు. లాసన్ అక్కణ్ణుంచి మండుటెండల్లో హంగర్‌ఫోర్డ్ అనే ఇంకో ఊరి దాకా నడిచి వెళ్ళాడు. రాసింది నమ్మాలంటే కాళ్ళు కూడా నొప్పి పుట్టాలేమో అని నాకు అనిపిస్తుంది.

కత్తిరించేవాళ్ళు ఎప్పుడూ సరిగ్గా కత్తిరిస్తారని మాత్రం అనుకోకు. బార్బరా బేంటన్ అనే రచయిత్రి కథను 1896లో ఆ పత్రికే పేరు మార్చి, ఒక భాగం మొత్తం తీసేసి వేసింది. ఆమె దాన్ని 1902లో లండన్‌లో వచ్చిన తన పుస్తకంలో తిరిగి చేర్చుకుంది. ఇంకొకటి: ఆ పత్రిక ‘తెల్లవాళ్ళకే ఆస్ట్రేలియా’ అని చాలా ఏళ్ళు తలకట్టు మీద వేసుకుంది. ఆదివాసుల గురించి అందులో వచ్చిన రాతలు చదివితే నాకు కడుపు మండుతుంది. లాసన్ కథలోనూ ఒక ఆదివాసి వస్తాడు, కట్టెల కుప్ప లోపల డొల్లగా పేర్చి ఆమెను మోసం చేసినవాడిగా. అతని వైపు మాట ఒక్కటీ లేదు. అది ఇగరబెట్టడం కాదు, అసలు గిన్నెలో వెయ్యకపోవడం.

ఇక నీ కథ. మొదటి మూడు పేజీల ఊరి చరిత్ర తీసెయ్. తల్లి ఎంత బాధపడిందో చెప్పే వాక్యాలన్నీ తీసెయ్. ఆమె కొడుకు పాత చెప్పులు కడిగి ఎండలో పెట్టే ఆ నాలుగు లైన్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వకు. ఇంటికి పాలు తెచ్చే మనిషి ఒక్క మాటా మాట్లాడడు, అతనికి ఏం చెప్పాలనుందో చూడు. తగ్గించాక మళ్ళీ పంపు. ఎదురుచూస్తుంటాను.