రక్త పరీక్షలన్నీ నార్మల్ వచ్చాయి, యోని బిగుతు ఆపరేషన్ చేయించుకోవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: 34 ఏళ్లు, రెండు మామూలు కాన్పులు, మొదటిసారి ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి బయటికి లాగే పట్టకారు) వేశారు. చిన్న బిడ్డకు ఏడు నెలలు, ఇంకా మీ పాలే తాగుతోంది. కలయికలో పట్టు లేనట్టు ఉంటోంది. రక్త పరీక్షలు, ఈసీజీ బాగున్నాయి కాబట్టి ఆపరేషన్‌కు పనికొచ్చినట్టేనా అని అడిగారు.

కాదండీ. ఆ రిపోర్టులు మత్తు ఇస్తే మీ ఒళ్లు తట్టుకుంటుందని చెబుతాయి, అంతవరకే. కుట్టి బిగించాల్సినంత లోపం అసలు ఉందా, ఉంటే అది కుట్టుతో సరయ్యే లోపమేనా అన్నది ఏ ల్యాబూ తేల్చలేదు. చేత్తో చూసి, కొలిచి తేల్చాలి. ఆ కొలతలు రాయకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చే చోటికి మళ్లీ వెళ్లొద్దనే నేను చెబుతాను.

ఆ పరీక్ష ఎలా జరగాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు సంగతంతా అక్కడే ఉంది. మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడే గట్టిగా దగ్గమంటారు. దగ్గుతో పాటే చుక్కలు పడితే ఆ సమస్య వేరు, దాని చికిత్స వేరు. యోని వెనక గోడ బిగించినంత మాత్రాన అది ఆగదు. తర్వాత మూత్రానికి వెళ్లొచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూస్తారు. 100 మిల్లీలీటర్లకు మించి పదేపదే మిగులుతుంటే ముందు దాని కారణం వెతకాలి.

అప్పుడు పడుకోబెట్టి, గట్టిగా ముక్కమని, సెంటీమీటర్ల గీతలున్న పుల్లతో కొలుస్తారు. మూత్రద్వారం నుంచి యోని వెనక అంచు దాకా ఒక కొలత. దాన్ని జీహెచ్ అంటారు. ముక్కినప్పుడు అది 4 సెంటీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే కింది కండరాలు పట్టు కోల్పోయాయనడానికి గట్టి సూచన. యోని వెనక అంచు నుంచి మలద్వారం మధ్య దాకా ఇంకో కొలత, అది పీబీ. ఇది బాగా కురచైపోయి, ముక్కినప్పుడు వెనక అంచు తెరుచుకుపోతుంటే కాన్పు చిరుగు సరిగా అతకలేదన్నమాట. నిజంగా ఆపరేషన్‌తో మేలు జరిగేది ఇలాంటివాళ్లకే.

సిమ్స్ స్పెక్యులమ్ అనే వంపు తిరిగిన లోహపు పరికరంతో యోని ఒక గోడను నొక్కిపట్టి రెండో గోడ చూడాలి. ముందు గోడ ఉబ్బుతుంటే మూత్రాశయం, వెనక గోడ ఉబ్బుతుంటే పురీషనాళం (మలద్వారానికి పైనున్న పేగు), పైనుంచి దిగుతుంటే గర్భసంచి జారుతున్నట్టు. పడుకున్నప్పుడు కనబడని జారుడు నిలబెట్టి ముక్కిస్తే బయటపడుతుంది. చాలాచోట్ల నిలబెట్టి చూడనే చూడరు. గర్భసంచి జారుతున్న మనిషికి కింద ద్వారం మాత్రం బిగించి పంపితే, జారుడు అలాగే ఉంటుంది, దానికి తోడు నొప్పి కూడా రావచ్చు.

తర్వాత ఒక వేలు లోపల పెట్టి బిగించమంటారు, పట్టును 0 నుంచి 5 దాకా లెక్కిస్తారు. మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఫోర్సెప్స్ కాన్పులో లెవేటర్ కండరం (కటి అవయవాలను కింద నుంచి మోసే కండరం) జఘనాస్థి, అంటే పొత్తికడుపు కింది ముందు ఎముక దగ్గర ఊడిపోయే ప్రమాదం ఎక్కువ. వేలితో ఎడమా కుడీ పోల్చి చూస్తే ఊడిన వైపు కండరం చేతికి తగలదు. అనుమానం ఉంటే పెరీనియం (యోనికి, మలద్వారానికి మధ్య భాగం) మీద పెట్టి తీసే త్రీడీ అల్ట్రాసౌండ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. కండరం ఎముక నుంచి ఊడిపోతే పైన పొరను కత్తిరించి కుట్టినంత మాత్రాన అది తిరిగి అతకదు, మళ్లీ జారే అవకాశమూ ఎక్కువే. చివర్న మలద్వారంలో వేలు పెట్టి అక్కడి కండర వలయం బిగువు చూడాలి. గ్యాస్ గానీ మలం గానీ ఆపుకోలేకపోతుంటే సిగ్గుపడకుండా ముందే చెప్పండి.

దూదిపుల్లతో ద్వారం చుట్టూ తాకి చూడటం కూడా తప్పకుండా ఉండాలి. తాకితేనే మంట పుడుతున్నా, కండరాలు ఎప్పుడూ బిగదీసుకునే ఉన్నా ఈ ఆపరేషన్ చెయ్యకూడదు. వదలడం చేతగాని కండరానికి బిగించడం కూడా సరిగా రాదు, అందుకే అలాంటివాళ్లలో కొందరు కూడా పట్టు లేదనే అనుకుంటారు. వాళ్లను కుట్టి ఇంకా ఇరుకు చేస్తే కలయిక అసాధ్యమవుతుంది.

ఇక పాలివ్వడం. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజన్ తక్కువగా ఉంటుంది, లోపలి పొర పలచబడి పొడిబారుతుంది. అలాంటి పొరలో కుట్టు సరిగా నిలవదు, మానడం ఆలస్యమవుతుంది. పైగా ఇప్పుడు కొలిచిన కొలత శాశ్వతమైనదీ కాదు. పాలు మాన్పించి, నెలసరి మళ్లీ క్రమంగా వచ్చాక తిరిగి చూపించుకోండి. ఇంకో బిడ్డను కనే ఆలోచన ఉంటే ఆపరేషన్ మాటే వాయిదా వేయండి. మామూలు కాన్పయితే చేసిందంతా మళ్లీ చిరిగిపోవచ్చు.

ఈలోగా ఖాళీగా ఉండక్కర్లేదు. కటి కండరాల వ్యాయామం రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కనీసం 8 బిగింపులు, కనీసం 3 నెలలు. ఒక్కో బిగింపు కొన్ని సెకన్లు పట్టి, మళ్లీ అంతే సేపు పూర్తిగా వదిలి ఉంచాలి. ఊపిరి బిగపట్టడం, పిరుదులు బిగించడం, పైకి లాగే బదులు కిందికి ముక్కడం, ఈ మూడు తప్పులతో నెలల తరబడి చేసి లాభం లేదనుకునేవాళ్లు చాలామంది. ఫిజియోథెరపిస్ట్ ఒక్కసారి వేలితో సరిచూస్తే తెలిసిపోతుంది.

నాకు చిరాకు పుట్టించే విషయం ఇంకొకటి ఉంది. ఆపరేషన్ భయమన్న ఆడవాళ్లకు లేజర్ అంటగడతారు. ఈ పనికి లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రాల భద్రత, ఫలితం నిరూపణ కాలేదని, కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి వస్తున్నాయని అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జులైలోనే హెచ్చరించింది.

ల్యాబ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మీ జాబితాలో యోని స్వాబ్ (స్రావాన్ని దూదిపుల్లతో తీసి చేసే పరీక్ష), పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష) కనబడలేదు. తెల్లబట్టకు వాసన ఉండి పీహెచ్ 4.5 దాటితే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ (యోనిలో సూక్ష్మజీవుల సమతుల్యం చెడటం) కావచ్చు. అది తగ్గాకే కత్తి పట్టాలి, లేకపోతే కుట్లు చీము పట్టవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు హెచ్‌బీఏ1సీ (మూణ్నెల్ల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8 శాతం లోపుకు తెచ్చుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు వాడుతుంటే ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందు ఆపాలి, అదీ డాక్టర్‌కు చెప్పే. రక్తం పలచబడే మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. సిగరెట్ కనీసం 4 వారాల ముందు మానాలి. మలబద్ధకం, దీర్ఘకాలపు దగ్గు ముందే తగ్గాలి, ముక్కినా దగ్గినా లాగుడంతా కుట్ల మీదే పడుతుంది. ఆపరేషన్ రోజు ఉదయం గర్భ పరీక్ష చెయ్యాలి.

ఈ ఆపరేషన్ ఎవరికి కావాలి అన్నది కూడా స్క్రీనింగ్‌లో భాగమే. భర్తను బయట కూర్చోబెట్టి మిమ్మల్ని ఒంటరిగా అడగాలి. ఆయన మాట పడలేక వచ్చానంటే అక్కడితో ఆగిపోవాలి. కొలతలన్నీ మామూలుగా ఉన్నా రోజంతా అదే దిగులైతే, పంపాల్సింది మానసిక వైద్యుల దగ్గరికి.

ఇవన్నీ దాటి ఆపరేషన్ దాకా వెళితే, సంతకం పెట్టే ముందు అడగండి: నా జీహెచ్, పీబీ ఎంత, లెవేటర్ రెండు వైపులా ఉందా, వెనక గోడ నుంచి ఎంత పొర తీస్తారు, లెవేటర్ కండరాలను మధ్యకు లాగి కుడతారా? అలా కుడితే కలయికలో నొప్పి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆపరేషన్ బల్ల మీద కుట్లు వేసేటప్పుడే రెండు వేళ్లు సులువుగా పట్టేలా చూసుకోవాలి. చివర్న పురీషనాళంలో వేలు పెట్టి కుట్టు అటు దిగలేదని నిర్ధారించుకోవాలి. దిగితే మలం యోనిలోకి వచ్చే రంధ్రం (ఫిస్టులా) ఏర్పడవచ్చు. ఆ తర్వాత 6 నుంచి 8 వారాలు కలయిక ఉండకూడదు, బరువులు ఎత్తకూడదు. చంటిపిల్లను ఎత్తుకోవడం కూడా బరువు కిందికే వస్తుంది, ఇంట్లో ఎవరు చూసుకుంటారో ముందే ఏర్పాటు చేసుకోండి.